మొదటి సైకిల్ యాత్రకు ఏమేం సర్దుకోవాలి?

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్లి, రాత్రి ఉండి, మర్నాడు తిరిగొద్దామనుకుంటున్నానని, ఏం తీసుకెళ్లాలని అడిగారు. మొదటిసారికి చక్కటి దారి ఎంచుకున్నారు. ఒకవైపు ముప్పై కిలోమీటర్ల లోపే.

సామాను కన్నా ముందు సీటు ఎత్తు చూసుకోండి. పెడల్ కిందికి వచ్చినప్పుడు దానిపై మడమ పెడితే కాలు నిటారుగా ఉండాలి. సీటు తక్కువైతే మోకాళ్లు నొప్పెడతాయి.

బరువు వీపున మోయొద్దు. చెమట, భుజాల నొప్పి తప్పవు. వెనక క్యారియర్‌కు రెండువైపులా సమానంగా, బరువైనవి అడుగున ఉండేలా కట్టండి. తాడు కొస చక్రంలో పడకుండా చూడండి. ఒక జత బట్టలు, తువాలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, రెండు లీటర్ల నీళ్లు చాలు. బట్టలకు ప్లాస్టిక్ కవరు చుట్టండి.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది పంక్చర్ సామాను మీద. గాలి పంపు, ప్యాచ్‌లు, టైరు ఊడదీసే లీవర్లు, ఒక స్పేర్ ట్యూబు ఉండాలి. గేర్ సైకిలైతే దాని సైజు ట్యూబు ఊళ్లలోని షాపుల్లో దొరక్కపోవచ్చు, వాల్వు కూడా వేరుగా ఉంటుంది. ఇంట్లోనే ఒకసారి చక్రం విప్పి బిగించండి, దారిలో టెన్షన్ ఉండదు.

తెల్లవారగానే బయల్దేరండి. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురుకొడుతుంది. పొద్దున్నే వెళ్తే శ్రీకూర్మం గుడి, శాలిహుండంలోని బౌద్ధ స్తూపాలు కూడా నిదానంగా చూడొచ్చు. వెనక ఎర్ర లైటు మాత్రం మరవకండి. వారం ముందు ఇదే బరువుతో అరసవల్లి దాకా ఒకసారి తొక్కి చూడండి.