ఏడ్చే పిల్లలు టెన్నిస్‌కు పనికిరారని ఎవరు చెప్పారండీ?

మీరు అడిగింది రెండు ప్రశ్నలు. రష్యా అమ్మాయి మిర్రా ఆండ్రీవా జూనియర్ ఫైనల్లో ఓడిపోయి కూడా రెండేళ్లు తిరిగేసరికి ప్రపంచంలో మొదటి పదిమందిలోకి ఎలా వచ్చింది అన్నది ఒకటి. మీ పన్నెండేళ్ల పాప ఓడినప్పుడల్లా కోర్టులోనే ఏడుస్తోంది, ఇలాంటి పిల్ల ప్రొఫెషనల్ స్థాయికి పనికొస్తుందా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు చెప్పేవాళ్లు టీవీలో బోలెడంతమంది ఉన్నారు. నన్ను పట్టి కుదిపింది రెండోది.

నా అర్హత పెద్దదేమీ కాదు. తొమ్మిదేళ్లు మా అమ్మాయి వెంట జూనియర్ టోర్నమెంట్లకు తిరిగాను. నెలనెలా రాకెట్లకు గట్టింగ్, అంటే తీగలు బిగించే ఖర్చు భరించలేక ఎవరో వాడేసిన మెషీను కొని, ఆ పని ఇంట్లోనే నేర్చుకున్నాను. వేళ్లు కోసుకుపోయేవి. ఆ మెషీను ఇప్పటికీ మంచం కింద ఉంది, మా ఆవిడ దసరాకొకసారి దాన్ని అమ్మేయమంటుంది.

అప్పుడు మా అమ్మాయికి పదమూడేళ్లు. విజయవాడలో అండర్-14 టోర్నమెంటు, ఎర్రమట్టి కోర్టు. ఆ స్థాయిలో తొలి రౌండ్లకు చెయిర్ అంపైరు ఉండడు. తన వైపు పడిన బంతి లోపలా బయటా అన్నది ఆ పిల్లే చెప్పాలి. ఆఖరిదైన మూడో సెట్లో మాది 5-2. గెలుపుకు ఇంకొక్క గేమ్. మా అమ్మాయి కొట్టిన బంతి గీత మీద పడింది, మట్టిలో మచ్చ నాకు కంచె అవతలి నుంచే కనిపిస్తోంది. ఎదుటి పిల్ల ఒక్క క్షణం ఆగి కంచె వైపు చూసింది. అక్కడ నిలబడ్డ వాళ్ల నాన్న దగ్గాడు. ఆ పిల్ల వేలెత్తి 'అవుట్' అంది. రిఫరీని పిలిచేలోపు మచ్చను బూటుతో చెరిపేసింది కూడా. ఆ దగ్గు నాకు ఇన్నేళ్ల తర్వాత కూడా వినిపిస్తుంది. తల్లిదండ్రులను కోర్టుకు వంద గజాల దూరంలో కూర్చోబెట్టాలని నేను అప్పటి నుంచీ అంటున్నాను, వినే నాథుడు లేడు.

మ్యాచ్ 5-7తో పోయింది. మా అమ్మాయి బెంచీ మీద కూర్చుని, తల మీద తువ్వాలు కప్పుకుని, భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. నేను ఏం చేశాను? లోపలికి వెళ్లి తువ్వాలు లాగేశాను. "లే. అందరూ చూస్తున్నారు" అన్నాను. తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దగ్గర బస్సు ఆగినప్పుడు ఇడ్లీ తెచ్చి ఇస్తే ముట్టలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది, హైదరాబాదు వచ్చేదాకా ఒక్క మాట లేదు. ఆ తర్వాత ఆ పిల్ల కోర్టులో ఎప్పుడూ ఏడవలేదు. అరవలేదు, రాకెట్ విసరలేదు. కోచ్‌లు 'ఎంత నిబ్బరం' అని మెచ్చుకునేవారు. మూడో సెట్‌కు వెళ్లిన మ్యాచ్ మాత్రం ఆ తర్వాత గెలిచినట్టు నాకు గుర్తు లేదు.

ఇప్పుడు 2023 జనవరి, మెల్‌బోర్న్. ఆస్ట్రేలియన్ ఓపెన్ జూనియర్ బాలికల ఫైనల్. ఇద్దరూ రష్యా పిల్లలే, ఇద్దరికీ పదిహేనేళ్లే. మిర్రా ఆండ్రీవాకు ఎదురు అలీనా కొర్నియేవా. మూడు గంటలకు పైగా కొట్టుకున్నారు. మొదటి సెట్ 6-6 దగ్గర ఆడే టైబ్రేక్‌లో అలీనాది, రెండోది మిర్రాది, మూడోది 7-5తో అలీనాది. నెట్ దగ్గరికి వచ్చేసరికి మిర్రా వెక్కివెక్కి ఏడుస్తోంది. గెలిచిన అలీనా ఆమెను కావలించుకుని చాలాసేపు వదల్లేదు. ఆ ఏడుపును ఎవరూ ఆపలేదు. నేను గమనించింది అది. మన దగ్గర అయితే ఈపాటికి ఎవరో ఒక నాన్న లోపలికి వచ్చి తువ్వాలు లాగేసి ఉండేవాడు.

ఏప్రిల్‌కల్లా మిర్రా స్విట్జర్లాండ్‌లో 60 వేల డాలర్ల బహుమతి స్థాయి టోర్నమెంట్లు రెండు వరసగా గెలిచింది. అదే నెలాఖరున మాడ్రిడ్‌లో వైల్డ్ కార్డు, అంటే ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు ఇచ్చే చోటు. ర్యాంకు 194. లేలా ఫెర్నాండెజ్‌ను, బియాత్రిజ్ హద్దాద్ మైయాను ఓడించి, సరిగ్గా తన పదహారో పుట్టినరోజున మాగ్దా లినెట్‌నూ ఓడించింది. తర్వాత అగ్రశ్రేణి క్రీడాకారిణి సబలెంకా చేతిలో చిత్తయింది, అది వేరే సంగతి. ఫ్రెంచ్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ (అర్హత పోటీలు) నుంచి మూడో రౌండు, వింబుల్డన్‌లో క్వాలిఫయింగ్ నుంచి నాలుగో రౌండు.

ఈ వరుసలో పత్రికలు పైపైన రాసి వదిలేసిన సంగతి ఒకటుంది. పారిస్‌లో కోకో గాఫ్‌తో ఆడుతూ కోపంతో బంతిని ప్రేక్షకుల్లోకి కొట్టింది, హెచ్చరిక తిన్నది. వింబుల్డన్‌లో మాడిసన్ కీస్ మీద 6-3, 4-1 ఆధిక్యం చేజారాక, రాకెట్ విసిరిందని అంపైరు ఒక పాయింటు కోశారు. తాను విసరలేదని, జారిపడ్డానని మిర్రా వాదించింది. మ్యాచ్ అయ్యాక అంపైరుకు చెయ్యి కలపకుండానే వెళ్లిపోయింది. ఇదంతా గొప్ప అని నేను అనను. అయితే మరుసటి జనవరిలో ఏమైందో చూడండి. ఆస్ట్రేలియన్ ఓపెన్ రెండో రౌండులో తన అభిమాన క్రీడాకారిణి ఒన్స్ జాబర్‌ను 6-0, 6-2తో ఓడించింది. మూడో రౌండులో డయాన్ పారీ మీద ఆఖరి సెట్లో 1-5 వెనక. కోపం, చిరాకు, తనను తాను తిట్టుకోవడం అన్నీ కనిపిస్తున్నాయి. ఓడిపోతున్నప్పుడు తన మీద తాను మరీ కఠినంగా ఉంటోంది, మానసికంగా మెరుగుపడాలి అని వ్యాఖ్యాత అన్నాడట. అరగంటలో ఆమె, ఒక్క పాయింటు పోతే ఓటమే అన్న మ్యాచ్ పాయింటును కాచుకుని 7-6తో గెలిచేసింది. బ్రిటన్ ఆటగాడు ఆండీ ముర్రే ఆ వ్యాఖ్యాతకు సోషల్ మీడియాలో చురక వేశాడు, ఆ కఠినత్వం వల్లే గెలుస్తోందేమో అని. ముర్రేకి తెలియక మరెవరికి తెలుస్తుంది, జీవితమంతా కోర్టులో గొణుక్కుంటూ గెలిచినవాడు.

కాబట్టి నా సిద్ధాంతం ఇది: ఓటమి ఒంట్లోకి దిగని పిల్ల పైకి రాదు. మీరు ఆధారం అడిగితే నా దగ్గర ఒక మిర్రా, ఒక మా అమ్మాయి ఉన్నారు. నాకు చాలు.

మిర్రా కుటుంబం సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. వాళ్లది సైబీరియాలోని క్రాస్నోయార్స్క్. 2005లో రష్యా ఆటగాడు మరాట్ సఫిన్ ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలవడం చూసి వాళ్లమ్మకు టెన్నిస్ పిచ్చి పట్టింది. పిల్లల ఆట కోసం సోచీ, తర్వాత మాస్కో, చివరికి ఫ్రాన్స్‌లోని కాన్ నగరానికి మకాం మార్చారు. అక్క ఎరికా కూడా ప్రొఫెషనలే. ఇంట్లోనే ఎదురాడే మనిషి ఉండటం ఎంత అదృష్టమో గోడకు బంతి కొట్టిన పిల్లలను అడగండి. 2024 వసంతం నుంచి కోచ్‌గా 1994 వింబుల్డన్ విజేత కొంచితా మార్తీనెజ్ తోడయింది. ఆ ఏడాదే ఫ్రెంచ్ ఓపెన్ క్వార్టర్స్‌లో సబలెంకాను ఓడించి సెమీస్ చేరింది. 1997లో మార్టినా హింగిస్ తర్వాత గ్రాండ్‌స్లామ్ సెమీస్‌లో అంత చిన్నది లేదు. 2025 ఫిబ్రవరిలో దుబాయ్, మార్చిలో ఇండియన్ వెల్స్ టోర్నమెంట్లు గెలిచింది. ఇండియన్ వెల్స్ ఫైనల్లో మొదటి సెట్ 2-6తో పోయాక మళ్లీ సబలెంకానే ఓడించింది. కప్పు అందుకుని, వదలకుండా పోరాడినందుకు తనకు తానే కృతజ్ఞతలు చెప్పుకుంది. మన దగ్గర ఆ మాట అంటే పొగరు అంటారు. నాకు మాత్రం మెల్‌బోర్న్ నెట్ దగ్గర వెక్కిన పిల్లే గుర్తొచ్చింది.

రష్యా పిల్ల గురించి మనకెందుకు అని కింద కామెంట్లలో ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు. మన సానియా మీర్జా 2003లో వింబుల్డన్ జూనియర్ డబుల్స్ గెలిచింది ఎవరితో కలిసి? అలీసా క్లెబనోవా, రష్యా అమ్మాయే. సానియా సంగతి అందరికీ తెలుసు. అలీసా సింగిల్స్‌లో 20వ ర్యాంకు దాకా వెళ్లిన ఏడాదే క్యాన్సర్ పాలైంది, చికిత్స చేయించుకుని మళ్లీ కోర్టుకు వచ్చింది. ఆమె పేరు మన ఊళ్లో టెన్నిస్ ఆడే పిల్లల్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

ఇంకొక్క మాట, మీరు అడగకపోయినా. పద్దెనిమిది నిండని పిల్లలను మహిళల ప్రొఫెషనల్ టూర్ ఇష్టం వచ్చినన్ని టోర్నమెంట్లు ఆడనివ్వదు. అమెరికా క్రీడాకారిణి జెన్నిఫర్ కాప్రియాటి చిన్న వయసులోనే అలసిపోయి ఆటకు దూరమయ్యాక, తొంభైల మధ్యలో వయసును బట్టి పరిమితులు పెట్టారు. పదిహేనేళ్లకు ఏడాదిలో పది, పదహారుకు పన్నెండు, బాగా ఆడితే కాస్త ఎక్కువ. మన తల్లిదండ్రులేమో పన్నెండేళ్ల పిల్లను వారం వారం రైలెక్కిస్తారు, ర్యాంకింగ్ పాయింట్ల కోసం. నేనూ ఎక్కించాను. ఒక వేసవిలో ఆరు వారాల్లో ఆరు ఊళ్లు. ఆఖరి ఊరికి మా అమ్మాయి మడమ వాచింది. ఐసు ముక్కలు రుమాల్లో కట్టి బెర్తు మీద కూర్చోబెట్టాను తప్ప, వెనక్కి తీసుకురాలేదు.

మీ పాపను ఏడవనివ్వండి. కంచె బయటే ఉండండి, నీళ్ల సీసా పట్టుకుని. ఏడుపు ఆగాక ఆమే వస్తుంది.

ఇదంతా రాసి మా అమ్మాయికి చదివి వినిపించాను. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం, ఆదివారాలు సరదాకి ఆడుతుంది. ఫోనులో మొత్తం విని నవ్వింది. "నాన్నా, నేను మూడో సెట్లు ఓడింది నువ్వు ఏడవనివ్వనందుకు కాదు. నా సెకండ్ సర్వ్ బాగుండేది కాదు, అంతే" అంది. నేను ఒప్పుకోలేదు. సర్వ్ ఆ విజయవాడ మ్యాచ్ తర్వాతే పాడైందని చెప్పాను. "సరేలే, ఈసారి వచ్చినప్పుడు నా రాకెట్‌కు గట్టింగ్ చేసిపెట్టు, ఇక్కడ మరీ దోచేస్తున్నారు" అని పెట్టేసింది.