పడవకు ఏ జిగురు?

ప్రశ్న: మా చేపల చెరువులో కర్రలకు తవుడు సంచులు కట్టుకోవడానికి రెండేళ్ల కిందట 12 అడుగుల ప్లైవుడ్ పడవ చేయించాను. పైన ఫైబర్ వేశారు. ఇప్పుడు అడుగున ఆ పొర అప్పడంలా లేచిపోతోంది. మేస్త్రి మళ్లీ అదే రెజిన్ పూద్దామంటున్నాడు. మా బావమరిదేమో డబ్బా మీద ‘మెరైన్’ అని ఉన్న తెల్ల జిగురు చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక రైతు, కైకలూరు మండలం

జవాబు: ఇద్దరి మాటా వినకండి. ముందు ఊడిన పెచ్చు ఒకటి తీసి, వెనక్కి తిప్పి చూడండి. దానికి చెక్క నారలు అంటుకుని వచ్చాయా? అయితే జిగురు బాగానే పట్టింది, చెక్కే కుళ్లింది. ఆ మేరకు కోసి కొత్త ముక్క వేయాల్సిందే. వెనకవైపు నున్నగా, అద్దంలా ఉందా? అయితే జిగురు చెక్కను మొదటినుంచీ సరిగా పట్టుకోలేదు. మీరు రాసినదాన్ని బట్టి రెండోదే అనుకుంటున్నాను.

మీ మేస్త్రి చెప్పేది పాలియెస్టర్ రెజిన్ అయి ఉంటుంది. అచ్చులో పొరలు వేసి చేసే ఫైబర్ పడవకు దానికి వంక పెట్టలేం, చవక కూడా. చెక్క మీద మాత్రం పట్టు తక్కువ. గట్టిపడేటప్పుడు అది కుంచించుకుపోతుంది, చెక్కేమో నీళ్లు తాగి ఉబ్బుతుంది. కాకినాడలో ముప్పయ్యేళ్లు పడవలు బాగుచేసిన నేనూ మొదట్లో పాలియెస్టరే పూసి, ఏడాది తిరక్కుండా తిట్లు తిన్నాను. చెక్కకు ఎపాక్సీయే, అంటే రెజిన్, హార్డ్‌నర్ అని రెండు భాగాలు కలిపి వాడే జిగురు. ఖరీదు ఎక్కువే, దాచను.

తెల్ల జిగురు మంచాలకు, వంటింటి అరలకు భేషుగ్గా ఉంటుంది. అప్పుడప్పుడు తడి తగలడం వేరు, రాత్రింబవళ్లు నీళ్లలో నానడం వేరు. పనిలో పనిగా ప్లైవుడ్ మీద ముద్ర కూడా చూడండి. పడవల ప్లైవుడ్‌కు ఉండే ప్రమాణం గుర్తు, ఐఎస్ 710 అని ఉండాలి. ఆ రకం ముక్కను 72 గంటలు నీళ్లలో ఉడికించి పరీక్షిస్తారు. ఐఎస్ 303 అయితే అది ఇంటి ఫర్నిచర్ సరుకు.

పడవను గట్టున బోర్లించి నీడలో ఆరనివ్వండి. పదిహేను రోజులు పట్టినా కంగారు పడొద్దు. ఆరిందో లేదో తెలియాలంటే చెక్క మీద పాలిథిన్ ముక్క పరిచి, నాలుగు అంచులకూ టేపు వేసి, ఒక రాత్రి వదిలేయండి. తెల్లారి లోపలివైపు చెమట పడితే ఇంకా తడి ఉన్నట్టే. ఆరాక 80 నంబరు గరుకు కాగితంతో రుద్ది, సాయంత్రం ఎండ తగ్గుతున్నప్పుడు పూత వేయండి. పొద్దున వేస్తే చెక్క వేడెక్కేకొద్దీ లోపలి గాలి బుడగలై పైకొస్తుంది. మూలలకు అదే ఎపాక్సీలో జల్లించిన చెక్కపొడి కలిపి, గారెల పిండంత చిక్కగా చేసి, చెంచా వెనకతో గుండ్రంగా లాగండి. పైన నేసిన గ్లాసు గుడ్డ వేయండి, మామూలు మ్యాట్ వద్దు. మ్యాట్‌లో పీచును పట్టి ఉంచే బంక పాలియెస్టర్‌లో కరుగుతుంది, ఎపాక్సీలో సరిగా కరగదు. దాంతో మ్యాట్ మొండికేసి, మూలలకు ఒదగదు. చివర్లో రంగు తప్పనిసరి. ఎండ తగిలితే ఎపాక్సీ సుద్దలా రాలుతుంది.

ప్రశ్న: ఎపాక్సీ పూసి నాలుగు రోజులైంది, ఇంకా బంకబంకగానే ఉంది. పైన కాస్త హార్డ్‌నర్ పూయొచ్చా?
– ఒక పాఠకుడు, తాళ్లరేవు

జవాబు: వద్దండీ. పాలియెస్టర్‌లో గట్టిపరిచే మందు చుక్కలు కొంచెం అటూ ఇటూ అయినా ముందో వెనకో గట్టిపడుతుంది. ఆ అలవాటుతో ఎపాక్సీకి కూడా కంటి అంచనాతో పోసేస్తారు. ఎపాక్సీలో హార్డ్‌నర్ తొందరపెట్టే మందు కాదు, జిగురులో భాగం. ఎక్కువైనా తక్కువైనా పూత మెత్తబడి చెడుతుంది. మొత్తం గీకేసి, థిన్నర్‌తో తుడిచి, మళ్లీ కలపండి. డబ్బా మీద తూకం చెబితే తూచండి, కొలత చెబితే కొలవండి, రెండు లెక్కలూ ఒకటి కావు. కలిపాక వెంటనే వెడల్పాటి పళ్లెంలో పరచండి, కుప్పగా ఉంటే దానంతట అదే వేడెక్కిపోతుంది. ఒక మే నెలలో నేను ప్లాస్టిక్ మగ్గు నిండా కలిపి టీకి వెళ్లాను. వచ్చేసరికి మగ్గు కరిగి, పొగలు కక్కుతూ బెంచీకి అతుక్కుపోయింది. ఆ ముద్ద ఇప్పటికీ అక్కడే ఉంది, వంగిన మేకులు దాని మీద పెట్టి కొట్టుకుంటున్నాం.