సందేహాలు – సమాధానాలు: గేజిని ‘స్థిరీకరించ’వచ్చునా?

సందేహం: విజయనగరంలో పీజీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతున్నాను. గేజి క్షేత్ర సిద్ధాంతాల క్వాంటీకరణ మీద తెలుగులో నోట్సు రాస్తూ ‘గేజ్ ఫిక్సింగ్’ దగ్గర ఆగిపోయాను. ‘మాపక స్థిరీకరణ’ అనవచ్చునా?
– ఒక అధ్యాపకుడు

సమాధానం: గేజిని గేజిగానే ఉండనివ్వండి మాస్టారూ. నౌపడ – గుణుపురం చిన్న రైలు 2004 దాకా 762 మిల్లీమీటర్ల ఎడంతో వేసిన నారో గేజి పట్టాల మీద నడిచింది. తరవాత 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజి వేశారు. ఆ పనిని మన శ్రీకాకుళం వైపు ‘గేజి మార్పిడి’ అనే అన్నారు. ఎవరూ నిఘంటువు తిరగేయలేదు. పైగా 1918లో జర్మన్ గణితవేత్త హెర్మన్ వైల్ భౌతికశాస్త్రంలోకి గేజి ఊహను తెచ్చింది పొడవుల కొలత కోసం. ఆ ఊహ నిలవలేదు. 1929లో ఆయనే దాన్ని క్వాంటం తరంగపు దశకు (ఫేజ్) అన్వయించాడు. కొలతే పోయాక ‘మాపకం’ ఎవరికి?

అసలు పేచీ ‘స్థిరీకరణ’తో. ఏ పనికైనా ‘ఈకరణ’ తోక తగిలించే జాడ్యం మనకు ముదిరిపోయింది. ధరలు ఊగిసలాడతాయి కాబట్టి వాటిని స్థిరీకరిస్తారు. ఇక్కడ ఊగేదేముంది? విద్యుదయస్కాంత పొటెన్షియల్‌కు ఏ ప్రమేయం ప్రవణతను (గ్రేడియంట్) కలిపినా క్షేత్రాలు మారవు. ఒకే భౌతిక స్థితికి లెక్కలేనన్ని వేషాలు. అన్నింటినీ కూడబోతే పథ సమాకలని (పాత్ ఇంటిగ్రల్) అనంతానికి పోతుంది, క్షేత్రం ఒకచోటి నుంచి మరోచోటికి ఎలా పాకుతుందో చెప్పే ప్రొపగేటర్ కుదరదు. అందుకే ఒకే స్థితి వేషాలన్నిటినీ ఒక గుంపుగా కట్టి, ఒక్కో గుంపు నుంచి ఒక్క ప్రతినిధిని తీస్తారు. గేజ్ ఫిక్సింగ్ అంటే ఇదే. తీయడం కూడా కాదు, ఏరడం.

ఈ ‘ఏరు’ ఎంత గడుసు క్రియో చూడండి. బియ్యంలో రాళ్లు ఏరితే ఏరినవి పారేస్తాం. కోతలైన మడిలో పరిగె ఏరితే ఏరినవి దాచుకుంటాం. వేరుచేయడం, ఎంచుకోవడం రెండూ దీని పనులే. అల్లుణ్ని ‘ఏరి కోరి’ తెచ్చుకోవడమూ ఇదే. దీనికి ‘పడు’ చేరి ఏర్పడు, ‘పఱచు’ చేరి ఏర్పఱచు, ‘పాటు’ చేరి ఏర్పాటు. పూర్వం ఏర్పఱచడమంటే వేరుచేసి ఇదీ అని తేల్చడం. నేటి ‘ఏర్పాట్లు’ షామియానా, కుర్చీలు, మైకు! (నాగావళి ఏరు, ఏరువాకలోని ఏరు వేరే మాటలు.)

అందుకని నా ఓటు ‘గేజి ఏర్పాటు’కు. కూలుంబ్ గేజి నియమం, లోరెంజ్ గేజి నియమం ఏరేందుకు పెట్టుకున్న షరతులు. అన్నట్టు రెండోది డెన్మార్కువాడైన లుడ్విగ్ లోరెంజ్‌ది, 1867 నాటిది. మధ్యలో ఒక ‘ట’కారం దూర్చి దాన్ని డచ్చి లోరెంట్జ్ ఖాతాలో వేయడం చాలా పుస్తకాలకు అలవాటు. మీరు వేయకండి. 1967లో ఫదేయెవ్, పొపోవ్ చూపిన పద్ధతిలో వచ్చే ‘ఘోస్ట్’లను (లెక్క సరిపోవడానికే తెచ్చుకునే, నిజం కణాలు కాని క్షేత్రాలను) దయ్యాలనే అనండి, ‘ఛాయా క్షేత్రాల’ని మర్యాదలు చేయనక్కరలేదు.

‘గేజి నిర్ణయం’ ఎందుకు కాదంటారా? విద్యుదయస్కాంత సిద్ధాంతాన్ని విస్తరించిన యాంగ్–మిల్స్ సిద్ధాంతాల్లో కూలుంబ్ వంటి షరతు పెట్టినా ఒకే గుంపు నుంచి ఒకటికి మించి ప్రతినిధులు జారిపడతారని 1978లో గ్రిబోవ్ చూపించాడు. ఏరినా మిగిలిపోయేదాన్ని నిర్ణయమనడానికి నాకు నోరు రాదు. ‘ఏర్పాటు’ అంటే పిల్లలు పట్టాలు వేయడమనుకుంటారని మీకు జంకుగా ఉంటే ‘గేజి ఎంపిక’ అనండి, ఒప్పుకుంటాను. పరీక్షలో ‘స్థిరీకరణ’ అని రాసినవాడికి మాత్రం మార్కులు కోయకండి. వాడు చదివిన పుస్తకం అలా ఉండి ఉంటుంది.