పదివేల టన్నుల్లో ఏం పడుతుంది?

ప్రశ్న: రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలానికి ఒక కల్పిత నౌకాదళం సృష్టిస్తున్నాను. నా క్రూయిజర్ (మధ్యస్థాయి యుద్ధనౌక) 10,000 టన్నులు, తొమ్మిది 8 అంగుళాల ఫిరంగులు, 6 అంగుళాల కవచం, 36 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) వేగం. నమ్మేలా ఉందా?

జవాబు: లేదండీ, ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. పెద్ద దేశాల యుద్ధనౌకలకు పరిమితులు పెట్టిన 1922 వాషింగ్టన్ ఒప్పందం క్రూయిజర్లకు సరిగ్గా ఈ టన్నులు, ఈ 8 అంగుళాల ఫిరంగి సైజే హద్దుగా పెట్టింది, దాంతో నిజం డిజైనర్లకూ ఇదే టెన్షన్. ఆ టన్నుల లెక్కలో ఇంధనం, బాయిలర్ల కోసం నిల్వ ఉంచే నీటి బరువు కలపరు, అదే మీకున్న వెసులుబాటు.

నేనైతే ముందు వేగం మీద చెయ్యి వేస్తాను. కావలసిన ఇంజన్ శక్తి దాదాపు వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 33 నాట్ల నుంచి 36కి వెళ్ళాలంటే సుమారు 30 శాతం ఎక్కువ శక్తి కావాలి, అంటే ఎక్కువ బాయిలర్లు, పొడవైన ఇంజన్ గదులు, వాటిని కప్పడానికి మళ్ళీ కవచం. కవచం పొడవు తగ్గించడానికే బ్రిటన్ వాళ్ళు నెల్సన్ యుద్ధనౌకలో మూడు పెద్ద టరెట్లనూ (ఫిరంగులుండే తిరిగే గూళ్ళు) ముందువైపే పెట్టారు, చూడ్డానికి వింతగా ఉన్నా నాకు భలే ఇష్టమైన ఓడ అది.

పైబరువు మాత్రం అస్సలు మరిచిపోకండి. చిన్న ఓడ మీద ఆయుధాలు అతిగా పేర్చడం వల్లే జపాన్ టార్పెడో పడవ తొమోజురు 1934 మార్చిలో అలల తాకిడికి బోల్తా పడింది.

అసలు మీ దేశం ఏ సముద్రంలో, ఎవరితో పోరాడుతుందో రాయలేదు. అది తేలితే 32 నాట్లు చాలేమో చూడండి, మిగిలిన బరువు కవచానికి ఇవ్వచ్చు.