ఇంట్లో పడవ: మ్యాటా, క్లాతా, రోవింగా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న (యానాం): 14 అడుగుల ప్లైవుడ్ కానో (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) కడుతున్నాను. ఫైబర్ బోట్ల షెడ్డులో మిగిలిన మ్యాట్, చదరపు మీటరుకి 450 గ్రాములది, దొరికింది. దాన్ని తడిపి గట్టిపరిచే రెసిన్ మాత్రం ఎపాక్సీ రకం కొన్నాను. ఈ మ్యాట్ అడుగుకి వేయొచ్చా?

జవాబు: వేయొద్దు. మ్యాట్‌లో లోపం లేదు, ఎపాక్సీలోనూ లేదు. ఆ రెండింటికీ పొసగదు, అంతే. మ్యాట్ నేసిన గుడ్డ కాదు. గాజు పోగుల్ని చిన్న ముక్కలుగా కోసి, చిందరవందరగా పరిచి, జిగురుతో అట్టలా నిలబెట్టిన సరుకు. పాలిస్టర్ రెసిన్‌లో స్టైరీన్ ఉంటుంది, అది ఈ జిగురుని కరిగిస్తుంది. అందుకే పాలిస్టర్ పడ్డ కాసేపటికే మ్యాట్ మెత్తబడి, ఎటు వంచితే అటు ఒదుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ లేదు. మ్యాట్ బిర్రుగానే ఉండిపోతుంది, వంపుల దగ్గర లేచి నిలబడుతుంది, గట్టిపడ్డాక కూడా లోపల తెల్లటి పోగులు కనబడతాయి. ఎక్కడ తెల్లగా ఉందో అక్కడ రెసిన్ చేరలేదు. పైగా మ్యాట్ తన బరువుకి రెండు నుంచి రెండున్నర రెట్లు రెసిన్ తాగుతుంది. ఖరీదైన ఎపాక్సీ అంతా దాని పాలవుతుంది.

పోనీ మ్యాట్ కోసం పాలిస్టర్‌కే మారదామా అంటే, ప్లైవుడ్ మీద దాని పట్టు తక్కువ. చెక్క తడికి ఉబ్బి, ఎండకి ముడుచుకుంటుంటే పొర అంచుల నుంచి లేస్తుంది, సందులో నీరు చేరి ప్లై కుళ్ళుతుంది. 1963లో బ్రిటన్‌లో వచ్చిన మిర్రర్ అనే డింగీని (చిన్న పడవని) ప్లైవుడ్ పలకలు రాగి తీగతో కుట్టి, గాజు టేపు, పాలిస్టర్ రెసిన్‌తోనే అతికేవారు. ఆ కుట్టు పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది, రెసిన్ మాత్రం చాలావరకు ఎపాక్సీకి మారింది.

కాబట్టి గుడ్డ కొనేముందు రెసిన్ తేల్చుకోండి. ప్లైవుడ్ పడవకి ఎపాక్సీ, నేసిన గ్లాస్ క్లాత్. అచ్చులో తీసే ఫైబర్ పడవకి పాలిస్టర్, మ్యాట్, రోవింగ్ (లావు గాజు పోగుల ముతక నేత). క్లాత్ కొనేటప్పుడు ఎపాక్సీకి పనికొచ్చే సైలేన్ పూత (గాజుకి రెసిన్ బాగా అంటేలా చేసేది) ఉందా అని అడగండి. పైపులకి చుట్టే గాజు గుడ్డ చూడ్డానికి ఇలాగే ఉంటుంది గానీ రెసిన్ దానికి సరిగా అంటదు. అనుమానం ఉంటే జానెడు ముక్కని ప్లై తునకకి అతికి, రెండు రోజులాగి ఉలితో లేపండి. చెక్క పీచుతో సహా ఊడి వస్తే గుడ్డ మంచిది. గుడ్డ ఒక్కటే శుభ్రంగా ఊడి వస్తే ఆ సరుకు వద్దు.

ప్రశ్న (భీమవరం): 4 మి.మీ. మెరైన్ ప్లైతో 14 అడుగుల కానో. ఎన్ని గ్రాముల క్లాత్, ఎన్ని మీటర్లు, రెసిన్ ఎంత?

జవాబు: ప్లై మీద ఐఎస్ 710 ముద్ర (మెరైన్ ప్లైకి భారత ప్రమాణం) ఉందో లేదో ముందు చూసుకోండి. బయట అడుగుకి చదరపు మీటరుకి 200 గ్రాముల సాదా నేత క్లాత్ ఒక్క పొర చాలు. రాళ్ళ మీదికి లాగే పడవైతే అడుగు మధ్యలో అరచేతి వెడల్పున ఇంకో పొర.

నడిమి చుట్టుకొలత 1.4 మీటర్లు అనుకుంటే, కొసలు సన్నబడతాయి కాబట్టి బయటి వైశాల్యం సుమారు 4.4 చదరపు మీటర్లు. మీటరు పన్నా క్లాత్ 4.5 మీటర్ల ముక్కలు రెండు, అంటే 9 మీటర్లు కావాలి. రెండూ వెన్ను మీద 5 సెం.మీ. ఒకదానిపై ఒకటి రావాలి. అక్కడే ఒరిపిడి ఎక్కువ. ఎపాక్సీ లెక్క చదరపు మీటరుకి: ఒట్టి చెక్కకి పూత 120 గ్రాములు, గుడ్డ తడపడానికి 220, నేత గళ్ళు నింపే రెండు పూతలకి 240. 4.4 చదరపు మీటర్లకి మొత్తం 2.5 కిలోలు, వృథాతో కలిపి 3 కిలోలు. లోపలి పని, పలకలు కలిసే కీళ్ళలో నింపే ముద్ద దీనికి అదనం.

లోపలి కీళ్ళకి ఈ మందం ప్లై మీద 200 గ్రాముల టేపే సరిపోతుంది. అయితే టేపుని నిలువుగా కోయకండి. అలా కోస్తే పడుగు పోగులు కీలు వెంటే పరుగెడతాయి, కీలుని పట్టేది పేక ఒక్కటే. గుడ్డని ఐమూలగా, 45 డిగ్రీల్లో కోస్తే పడుగూ పేకా రెండూ కీలు దాటి అటూ ఇటూ పట్టుకుంటాయి. అంచు పోగులు కూడా ఊడవు. ప్లై 6 మి.మీ. దాటినా, మోటారు పెట్టినా 400 గ్రాముల బైయాక్సియల్ టేపు తీసుకోండి. అందులో పోగులు అటు 45, ఇటు 45 డిగ్రీల్లోనే కుట్టి వస్తాయి.

వేసేటప్పుడు గుడ్డని పొడిగా పరిచి, ముడతలు చేత్తో సర్ది, మధ్యలో రెసిన్ పోసి రబ్బరు పలకతో అంచుల వైపు లాగండి. తెల్లటి గుడ్డ చూస్తుండగానే మాయమై కింద చెక్క గీతలు తేలతాయి. సరిగ్గా తడిసిన గుడ్డ మీద నేత గరుకు ఇంకా కనబడుతూ ఉండాలి. అద్దంలా మెరిస్తే రెసిన్ ఎక్కువైంది, గుడ్డ అందులో తేలుతోంది. పలకతో గట్టిగా లాగి తీసేయండి. గళ్ళు నింపడం తర్వాతి పూతల పని.

పొద్దున ఎండ ఎక్కుతుంటే చెక్కలోని గాలి వ్యాకోచించి రెసిన్‌లో బుడగలు లేపుతుంది. మధ్యాహ్నం దాటాక నీడలో మొదలెట్టి, మంచు పడేలోపు ముగించండి. గోదావరి తీరపు తేమకి ఎపాక్సీ మీద జిడ్డు పొర వస్తుంది. దాన్ని నీళ్ళతో, గిన్నెల పీచుతో కడిగాకే సాండ్ పేపర్ పట్టండి. కడక్కుండా రుద్దితే జిడ్డు లోపలికి పోయి తర్వాతి పూత ఊడుతుంది. నెమ్మది రకం హార్డనర్ (ఎపాక్సీలో కలిపి దాన్ని గట్టిపరిచేది) కొనండి, ఒకేసారి 200 గ్రాములకి మించి కలపకండి, కలిపింది వెడల్పు ట్రేలో పోయండి. డబ్బాలో ఉంచితే పొగలు కక్కి గడ్డకడుతుంది.

ప్రశ్న (డాలస్): ఇక్కడి ప్లాన్లలో క్లాత్ 6 ఔన్సులు, మ్యాట్ ఒకటిన్నర ఔన్సు అంటారు. మ్యాట్ అంత పల్చనా?

జవాబు: కాదు. క్లాత్ ఔన్సులు చదరపు గజానికి, మ్యాట్ ఔన్సులు చదరపు అడుగుకి. క్లాత్ అంకెని 34తో గుణిస్తే 6 ఔన్సులు సుమారు 200 గ్రాములు. మ్యాట్ అంకెని 305తో గుణిస్తే ఒకటిన్నర ఔన్సు సుమారు 450 గ్రాములు.

ప్రశ్న (విశాఖపట్నం): గాజు గుడ్డకి బదులు కార్బన్, కెవ్లార్ పోగుల గుడ్డ వాడితే పడవ తేలికవుతుందా?

జవాబు: డిజైన్ అందుకు గీసి ఉంటే అవుతుంది. గాజు పొరకి బదులు ఊరికే కార్బన్ వేస్తే ఖర్చే మిగులుతుంది. కార్బన్ బిగువు గాజుకి మూడు రెట్లు, సాగే గుణం మాత్రం గాజులో సగం కూడా ఉండదు. గాజు, కార్బన్ పక్కపక్కన ఉంటే బరువంతా ముందు కార్బనే మోసి, ముందు అదే తెగుతుంది. అల్యూమినియం బిగింపులు దానికి తగిలితే ఉప్పునీటిలో అల్యూమినియం తినుకుపోతుంది. పైగా నల్లటి గుడ్డ తడిసిందో లేదో కంటికి తెలియదు. మొదటి పడవకి ఇదే పెద్ద చిక్కు.

కెవ్లార్ లాగుడుకి గట్టిది, నొక్కుడుకి బలహీనం. వేస్తే లోపలి వైపు వేయండి. బయట వేసి రుద్దితే అరగదు, నూగులా లేస్తుంది. మామూలు కత్తెర దాన్ని తెంపలేదు.

ప్రశ్న (కాకినాడ): అచ్చులో 600 గ్రాముల రోవింగ్ నాలుగు పొరలు, పాలిస్టర్‌తో వేశాం. ఏడాదికే పొరలు విడిపోతున్నాయి. ఎందుకు?

జవాబు: మధ్యలో మ్యాట్ లేనందుకు. రోవింగ్ ముతక నేత. రెండు రోవింగ్‌లు ఎత్తుపల్లాల దగ్గరే ఆనుకుంటాయి, మిగతా చోట ఒట్టి రెసినే ఉంటుంది. అది పెళుసు. మ్యాట్ పోగులు ఆ గుంటల్లోకి దిగి రెంటినీ పట్టుకుంటాయి.

10, 12 అడుగుల డింగీకి ఈ వరస బాగుంటుంది: జెల్ కోట్ (అచ్చుకి ముందుగా పూసే, పడవకి బయటి నునుపు పొర అయ్యే రెసిన్), 300 మ్యాట్, 450 మ్యాట్, 600 రోవింగ్, 450 మ్యాట్. జెల్ కోట్ పక్కనే రోవింగ్ వేస్తే దాని గళ్ళు బయటికి అచ్చుపడతాయి. చదరపు మీటరుకి గాజు 1.8 కిలోలు, రెసిన్ సుమారు 3.4 కిలోలు, మందం మూడున్నర మి.మీ. దాకా వస్తుంది. రోవింగ్‌నీ, దాని మీది మ్యాట్‌నీ ఒకే విడతలో, తడి మీద తడిగా వేయండి.

విడిపోయిన చోట నాణెంతో తట్టండి. గట్టి చోట టంగుమంటుంది, ఊడిన చోట డొల్లగా పలుకుతుంది. డొల్ల ఎంతవరకో గీత గీసి, అక్కడిదాకా గ్రైండర్‌తో తీసేసి, అంచుని ఏటవాలుగా అరగదీసి, మ్యాట్‌తో మొదలెట్టి మళ్ళీ కట్టండి. రెసిన్‌లో ముందు కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగిరపరిచేది) కలిపి, బాగా తిప్పాకే కెటలిస్ట్ (గట్టిపడటం మొదలుపెట్టించేది) పోయండి. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలతాయి. కొలపాత్ర కూడా దేనిది దానికే ఉండాలి.