కిరాణా కొట్టుకు కృత్రిమ మేధ: కోర్సు కన్నా ముందు పద్దు పుస్తకం

ప్రశ్న: సూర్యాపేట జిల్లాలోని ఒక మండల కేంద్రంలో చాలా ఏళ్లుగా కిరాణా దుకాణం నడుపుతున్నాను. ఈమధ్య మా వీధి చివర సూపర్‌మార్కెట్ తెరిచారు. కృత్రిమ మేధ నేర్చుకోకపోతే చిన్న దుకాణాలు నిలవవంటూ ఒక శిక్షణ సంస్థ పదిహేను వేల రూపాయల కోర్సులో చేరమంటోంది. నేను పదో తరగతి వరకే చదివాను, ఇంగ్లిషు అంతగా రాదు. ఆ డబ్బు కట్టవచ్చా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. మొదట నేర్చుకోవలసింది నేర్చుకోవడానికి మీ చేతిలోని ఫోనూ, మధ్యాహ్నం గిరాకీ పలచబడిన వేళ ఓ అరగంట తీరికా చాలు. చాట్‌జీపీటీ, జెమినై వంటి కృత్రిమ మేధ యాప్‌లలో డబ్బు కట్టకుండానే తెలుగులో అడగవచ్చు. టైపు చేయడం కష్టమనిపిస్తే మైకు గుర్తు నొక్కి నోటితోనే చెప్పవచ్చు. 2016లో యూపీఐ వచ్చిన తరువాత గల్లాపెట్టె పక్కన క్యూఆర్ కోడ్ అతికించుకున్న వ్యాపారులలో అత్యధికులు ఏ కోర్సులోనూ చేరకుండా, వాడుతూ వాడుతూనే నేర్చుకున్నారు.

అయితే మీ దుకాణం సంగతి ఆ యాప్‌కు ఏమీ తెలియదు. "సంక్రాంతికి ఏ సరుకు తెప్పించాలి?" అని అడిగితే ఏ ఊరికైనా సరిపోయే జాబితా ఒకటి ఇస్తుంది, దానివల్ల మీకు ఒరిగేదేమీ ఉండదు. అదే, "మాది మండల కేంద్రంలో కిరాణా కొట్టు, పోయిన సంక్రాంతికి ముందు మూడు వారాల్లో బెల్లం ఇన్ని కిలోలు, నువ్వులు ఇన్ని కిలోలు అమ్ముడయ్యాయి, పండుగ తరువాత ఇంత మిగిలిపోయింది, టోకు వ్యాపారి దగ్గర నుంచి సరుకు రావడానికి రెండు రోజులు పడుతుంది, ఈసారి ఎంత, ఎప్పుడు తెప్పించాలో, ఆ లెక్క ఎలా వేశావో కూడా చెప్పు" అని అడిగి చూడండి. జవాబు మీ కొట్టుకు పనికివచ్చేలా ఉంటుంది. అలా అడగాలంటే ఆ అంకెలు మీ దగ్గర ఉండాలి కదా! అందుకే ముందుగా ఎక్కువగా కదిలే ఓ ఇరవై సరుకులు ఎంచుకుని, ఎంత వచ్చింది, ఎంత అమ్ముడైంది, గడువు తేదీ దాటి ఎంత పారేశారు అన్నది ఒక నెలపాటు పద్దు రాయండి. శిక్షణ పేరుతో ఎవరైనా చిన్న వ్యాపారికి మొదట నేర్పవలసింది ఈ రాతపనేనని నేను గట్టిగా నమ్ముతాను. సరుకులు అందించే కుర్రాడికీ దీన్ని నేర్పండి, మీరు ఊళ్లో లేని రోజున పద్దు ఆగకుండా ఉంటుంది.

వచ్చిన జవాబును మాత్రం సరిచూసుకోకుండా వాడవద్దు. తలనూనె, షాంపూ, టూత్‌పేస్టుల మీద 18 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత సమాచారంతో తయారైన యాప్ ఇప్పటికీ 18 అని తడుముకోకుండా చెప్పవచ్చు. పన్ను విషయంలో మీ అకౌంటెంటును అడగండి, కూడికలు క్యాలిక్యులేటర్ మీద మరోసారి వేసుకోండి.

మరొక్క మాట. అరువు ఖాతా పేజీని ఫొటో తీసి ఈ యాప్‌లలో పెట్టకండి. వ్యక్తుల వివరాల రక్షణకు 2023లో చట్టం వచ్చింది. చట్టం సంగతి అటుంచినా, తమ బాకీ నలుగురి నోళ్లలో పడదన్న నమ్మకంతోనే అరువు తీసుకునేవారు మీ దగ్గర ఖాతా పెట్టుకున్నారు. బాకీ గుర్తుచేసే మర్యాదైన సందేశాన్ని పేర్లు లేకుండా రాయించుకుని, పేరూ మొత్తమూ మీరే నింపుకోండి. ఇదంతా అలవాటయ్యాక, మీ పద్దులతోనే, తెలుగులోనే నేర్పుతామని ముందుకు వచ్చేవారు ఉంటే అప్పుడు కోర్సు గురించి ఆలోచించవచ్చు.

ప్రశ్న: చీరాలలో ఇంటి దగ్గరే చేనేత చీరలు అమ్ముతున్నాను. కృత్రిమ మేధతో మోడల్ కట్టుకున్నట్టు ఫొటోలు చేయించి వాట్సాప్‌లో పెడితే గిరాకీ పెరిగింది కానీ, రంగు వేరుగా ఉందంటూ కొన్ని చీరలు వెనక్కి వస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ఆ యాప్ మీ చీర ఫొటోను ఉన్నదున్నట్టు అతికించదు, చూసి కొత్తగా గీస్తుంది. ఆ గీతలో అంచు వెడల్పు మారవచ్చు, బుటాలు తగ్గవచ్చు, జరీ మెరుపు పెరగవచ్చు. చేనేత చీరకు ధర పలికేదే వీటివల్ల కాబట్టి ఇది చిన్న తేడా కాదు. మొదటి ఫొటోగా, పగటి వెలుతురులో గుమ్మం దగ్గర పైటకొంగు, అంచు పరిచి, ఫ్లాష్ లేకుండా తీసినదే పెట్టండి. మోడల్ బొమ్మ పెడితే, అది కృత్రిమ మేధతో చేసినదని దాని కిందనే రాయండి. నూలు రకం, పొడవు, జాకెట్టు ముక్క ఉన్నదీ లేనిదీ, ఉతికే పద్ధతి మీరు చెప్పి, వివరణ రాయడం వరకు యాప్‌కు అప్పగించండి. మీరు చెప్పని "స్వచ్ఛమైన పట్టు" వంటి మాటలు అది తనంతట తాను చేర్చి ఉంటే పంపే ముందే కొట్టివేయండి.