మొక్కల గది తలుపు తీసే ముందు

అమ్మడూ,

టమాటా మొక్కల మీదికి లద్దె పురుగుల్ని వదిలి, ఆకు ఎలా ఎదురు తిరుగుతుందో చూస్తావట కదా. చీమని తప్పించి నడిచే పిల్లవి! మీ అమ్మ చెప్పగానే పొంగిపోయి నలుగురికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

చిన్న విషయాలు ముందు. కుండీల మీద పెన్సిల్‌తోనే రాయి. పురుగుల్ని ఏ గంటకి వదిలావో అప్పుడే రాసుకో, గుర్తుంటుందిలే అనుకోకు. కత్తెరతో కోసేసి పురుగు కొరికినట్టే అనుకోకు. గాయానికీ మొక్క స్పందిస్తుంది గానీ, పురుగు నోటి ఊటని వేరుగా గుర్తుపడుతుంది. పురుగు పడిందని మొక్కజొన్నకి కబురందించే వోలిసిటిన్ అనే పదార్థాన్ని అలాంటి ఊటలోనే 1997లో కనిపెట్టారు.

ఇక నా తప్పు. మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

1990కి ముందు మాట. నేనూ టమాటాతోనే మొదలుపెట్టాను. కొరికిన మొక్కల ఆకులు, కొరకని మొక్కల ఆకులు వేరువేరు పురుగులకి మేపి, ఏవి బాగా పెరుగుతాయో తూకం వెయ్యాలి. జాగా లేక రెండు రకాల మొక్కల ట్రేలూ ఒకే చాంబర్‌లో, అంటే మొక్కలు పెంచే మూసిన గదిలో, పక్కపక్కనే పెట్టాను. బిగుతుగా మూసుకునే తలుపు. చివరికి చూస్తే తేడా లేదు, అన్ని పురుగులూ బక్కచిక్కినవే. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. కుండీలు తారుమారు చేశావని నీళ్ళు పోసే కుర్రాడిని అందరి ముందూ తిట్టాను. వాడు ఒక్కటే అన్నాడు: "నేను ముట్టుకోలేదు మేడం. తలుపు తీస్తే పచ్చిగడ్డి కోసినట్టు వాసనొస్తోంది, చూశారా?" నాకు పాఠాలు చెబుతున్నావా అన్నాను. ఛీ!

తర్వాత ఒక పరిశోధన పేపర్ చదివాను, 1990లో వచ్చింది. సేజ్‌బ్రష్ అనే పొద కొమ్మల్ని టమాటాతో కలిపి మూసి పెడితే, కొమ్మల నుంచి గాల్లోకి వచ్చిన మిథైల్ జాస్మోనేట్ అనే పదార్థానికే టమాటా ఆకుల్లో పురుగుకి తిండి అరగనివ్వని ప్రొటీన్లు పెరిగాయట. 2014 నాటిదైతే అచ్చం నా కథే. లద్దె పురుగు కొరికిన టమాటా వదిలే పచ్చివాసనని పక్క టమాటా పీల్చుకుని, పురుగుకి పడని పదార్థంగా మార్చుకుంటుందని తేల్చారు. నా కంట్రోల్ మొక్కలకి, అంటే పోల్చి చూడ్డానికి పెట్టిన కొరకని మొక్కలకి, ఎప్పుడో కబురు అందిపోయి ఉంటుంది. కుర్రాడి ముక్కు పసిగట్టింది, నా బుర్రకి ఎక్కలేదు.

అందుకే ఇంతలా చెబుతున్నాను, విసుక్కోకు. రెండు చాంబర్లు కావాలి, గాలి కలవకూడదు. ప్రతిసారీ చాంబర్లు మార్చి చెయ్యి, లేకపోతే అది పురుగు తేడానో చాంబర్ తేడానో తెలియదు. ఒక చాంబర్‌లో ఇరవై కుండీలున్నా అన్నిటికీ గాలి ఒకటే, అందుకే ఒక్క లెక్కే అనుకో. కంట్రోల్ మొక్కల దగ్గరికి ముందు వెళ్ళు, పురుగుల దగ్గరికి తర్వాత. ఆకుల్ని ఊరికే తడమకు, మొక్కకి స్పర్శ కూడా తెలుస్తుంది. రెండో చాంబర్ లేదంటే గొడవపడు. నీ మొహమాటం నాకు తెలుసు, అదే నా టెన్షన్.

మొన్న పాత నోటుబుక్కులన్నీ తీశాను. గది వేడి ఉంది, పురుగుల బరువు మిల్లీగ్రాముల్లో ఉంది. ఆ కుర్రాడి పేరు ఎక్కడా లేదు.

నీ మొక్కలకి నీళ్ళు పోసేదెవరు? పేరు అడిగి రాయి.

మీ పెద్దమ్మ